నాంపల్లి దాకా వచ్చిన ఓడ

ముందుగా ప్రమాణం. చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి, కుడిచేయి గుండెల మీద పెట్టుకుని చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. (మా ఆవిడ పక్కగదిలోంచి అప్పుడే నవ్వింది. నేనింకా అసలు సంగతి మొదలుపెట్టనే లేదు.) ఆ రోజుల్లో, అంటే పోలీసు యాక్షను అయిపోయి కొన్నేళ్లు గడిచి, మా హైదరాబాదు రేపు ఏ రాష్ట్రంలో కలుస్తుందో ఇరానీ హోటళ్లలో చాయ్ తాగేవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియని రోజుల్లో, అబద్ధం చెప్పేవాడికి ఇన్ని ప్రమాణాలు అవసరమయ్యేవి కావు. కాస్త ధైర్యంగా చెబితే చాలు, జనం నమ్మేవాళ్లు. నమ్మకపోయినా నమ్మినట్టు కూర్చుని పూర్తిగా వినేవాళ్లు. వినడమనే మర్యాద అప్పటికింకా లోకంలో మిగిలి ఉంది. నా ఇరవయ్యో పడిలో నేను చెప్పిన అబద్ధాల్లో ఒకదాన్ని అలా ఓపిగ్గా విన్న మనిషి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

అప్పుడు నేను ఆబిడ్స్‌లో పెయింటరుని. పెయింటరంటే పటాలు వేసి గోడలకు తగిలించే రకం కాదు, దుకాణాల బోర్డులు రాసే రకం. పెద్దరోడ్డు మీద అద్దాలు మెరిసే షాపులుండేవి, వాటి వెనక సందులో మా కొట్టుండేది. మా యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. పాతబస్తీ మనిషి, నాకు రెండింతల వయసు, మీసాలకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. అక్షరాల్లో ఆయనకు సాటి లేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే చేత్తో, ఒకే ఒడుపుతో రాసేవాడు. బొమ్మల్లో మాత్రం ఆయన లోకం చిన్నది. గడియారం, గొడుగు, కత్తెర, కళ్లజోడు, పన్ను. పళ్ల డాక్టరు బోర్డు మీద ఆయన వేసిన పన్ను చూసి దారినపోయేవాళ్లు దవడ పట్టుకునేవాళ్లు. (ఇది నిజం. నేనూ పట్టుకున్నాను.) ఈ అయిదింటికీ బయట లోకంలో ఇంకేవైనా వస్తువులున్నా, వాటికి బోర్డులు అక్కర్లేదు కనుక వాటితో తనకు పని లేదని ఆయన నమ్మకం.

అలాంటి కొట్టుకి ఒక మధ్యాహ్నం ఒక గుమాస్తా తన అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చి నాంపల్లి స్టేషను వెనక వీధిలో కాపురం ఉంటున్న మనిషి. గొడుగు తలుపు దగ్గర జాగ్రత్తగా ఆనించి, "ఓడ బొమ్మ కావాలండీ" అన్నాడు.

"ఏ దుకాణానికి సాబ్?" అన్నాడు ఉస్తాద్, తలెత్తకుండానే.

"దుకాణానికి కాదండీ. ఇంటికి."

"ఇంట్ల ఓడ దేనికి?"

గుమాస్తా వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లక్క కొట్టు బయట మెట్టు మీద కూర్చుని ఎండలో ఆరబెట్టిన బోర్డుల్ని చూస్తోంది. సన్నటి మనిషి, జుట్టు సగం నెరిసింది, నుదుట మాత్రం కాసంత కుంకుమ. అతను గొంతు తగ్గించి చెప్పాడు. ఆవిడ భర్త రంగూనుకు తిరిగే తెరచాప ఓడ మీద సరంగు, అంటే కలాసీలందరికీ పెద్ద. యుద్ధం రోజుల్లో రేవు వదిలిన ఓడ మళ్లీ రాలేదు. మునగడం చూసినవాళ్లు లేరు, ఒక్క చెక్కముక్కయినా ఒడ్డుకు కొట్టుకురాలేదు. మనిషి కనబడకుండా పన్నెండేళ్లు దాటితే ఇక పోయినట్టేనని, దర్భలతో మనిషి ఆకారం అల్లి దానికే కర్మ చేయడం ఆచారం. ఆ గడువు వచ్చింది. మరిది ఊరినుంచి కబుర్ల మీద కబుర్లు పంపుతున్నాడు. ఆవిడ ససేమిరా అని, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఆయన ఓడ బొమ్మ కావాలి. అది సరిగ్గా ఉందని తనకు అనిపిస్తేనే దర్భలు ఇంట్లోకి తేవాలి. లేకపోతే ఆయన పోలేదు, అంతే. "వచ్చే అమావాస్యకి మరిది వచ్చేస్తాడండీ. ఈలోగా మీరేం చేస్తారో, మా అక్క మీ చేతుల్లో ఉంది" అన్నాడు. బోర్డులు రాసేవాళ్ల చేతుల్లో అంతకుముందు ఎవరూ అక్కల్ని పెట్టలేదు. ఉస్తాద్ కుంచె కింద పెట్టాడు.

అప్పుడావిడ లోపలికి వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీలో సముద్రం చూసినవాళ్లెవరు నాయనా?" అంది. ఉస్తాద్ చూసిన నీళ్లలో పెద్దవి హుస్సేన్‌సాగర్ నీళ్లు. నా సంగతీ అంతే. కానీ ఆయన ఏమాత్రం తడుముకోకుండా నన్ను చూపించి, "మా పిల్లగాడు ఉన్నడు గదమ్మా. సముద్రం అంటే వీనికి ఇంటెన్క పెరడు లెక్క" అన్నాడు. నాకింక తప్పింది కాదు. (తప్పించుకోవాలని నేను ప్రయత్నించిన దాఖలా కూడా లేదు.) బొంబాయిలో ఓడ ఎక్కాననీ, నడిసముద్రంలో తుఫాను పట్టుకుందనీ, తాటిచెట్టంత అలలు లేచాయనీ, కలాసీలందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను ఒక్కణ్నే చుక్కాని పట్టుకున్నాననీ చెప్పాను. ఆవిడ కళ్లార్పకుండా విన్నది. చివర్న, "చుక్కాని పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కాయా నాయనా?" అని అడిగింది. "ఎందుకెక్కలేదమ్మా, గిప్పటికీ మచ్చలున్నయి" అంటూ చేయి చాపాను. ఆ చేతికి ఉన్నవి బోర్డులు రాయడానికి నిచ్చెన ఎక్కీ దిగీ పడ్డ మచ్చలు. ఆవిడ వాటిని వేలితో తడిమి చూసి, "పాపం" అంది. ఆ రోజు నుంచి మేమావిడకు పెట్టుకున్న పేరు ఓడమ్మ.

ఓడలెలా ఉంటాయో మాకు నేర్పింది ఒక బిస్కట్ల డబ్బా. మూత మీద ఓడ బొమ్మ ఉంది, పక్కనుంచి చూసినట్టు, మూడు కొయ్యలు, నిండా తెరచాపలు. పొదుపు మనిషి కనుక ఉస్తాద్ కొత్త రేకు కొనలేదు. గడియారాలు బాగుచేసే దుకాణం ఒకటి మూతపడితే దాని పాత బోర్డు మా దగ్గర పడి ఉంది. దానిమీద రంగు పూసి సముద్రం చేశాం. నీళ్లూ ఆకాశమూ కలిసేచోట ఉస్తాద్ మా వృత్తి పద్ధతి వదల్లేదు. సుద్ద పూసిన దారాన్ని ఆ కొసన ఆయనా ఈ కొసన నేనూ బిగించి పట్టి, నడుమ లాగి వదిలితే గీత పడుతుంది. అక్షరాల కోసం అలాగే గీస్తాం. సముద్రానికీ అదే గీత. "సముద్రం గింత సాఫ్‌గా ఉంటదా ఉస్తాద్?" అంటే, "అల్లా పని గదా, వంకర ఎందుకు చేస్తడు?" అన్నాడు. అలల కోసం ఒక పొద్దున్న ట్యాంక్‌బండ్ మీదికి పోయి నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం. అలలు రాలేదు, బర్రెలు వచ్చాయి. జెండాల సంగతి నేనే చూసుకున్నాను. కదిలే వాహనం ఎలా ఉంటుందో నాకు తెలియదా? రోజూ నాంపల్లి స్టేషను పక్కనుంచే కదా పనికి వచ్చేది. ఇంజను ముందుకు పోతుంటే పొగ వెనక్కి పరుగెడుతుంది. అందుకని ఓడ ముందుకు, జెండాలన్నీ వెనక్కి.

బొమ్మ చూడ్డానికి ఓడమ్మ ఒక్కతే వచ్చింది. రేకుని ఎండలోకి తెచ్చి గోడకానించాం. పక్కనుంచి వెలుతురు పడేసరికి కింది పాత అక్షరాలు నీళ్లలోంచి పైకి తేలాయి. ఇచ్చట గడియారములు బాగుచేయబడును. ఆవిడకు చదువు రాదు కాబట్టి బతికిపోయాం. "నీళ్లల్లో అవేంటి నాయనా?" అంది. "చేపలమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు ఆ చేపల్ని చూసింది. తర్వాత జెండాల్ని చూసి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "జెండాలు వెనక్కి ఎగురుతున్నాయేంటి?"

"ఓడ ముందుకు పోతున్నది గదమ్మా."

"రైలుకి బొగ్గుంది నాయనా. ఓడని తోసేది గాలే. ఓడని ముందుకు తోసే గాలి జెండాని మాత్రం వెనక్కెందుకు లాగుతుంది? దానికేమైనా జెండా మీద పగా?"

నేను తల గోక్కున్నాను. రంగూ తప్పేనంది. వాళ్ల రేవు దగ్గర గోదారి వచ్చి కలుస్తుంది, నీళ్లు నీలంగా ఉండవు, పాలు పోసిన టీ రంగులో ఉంటాయి. ఉస్తాద్ మొహం వాడిపోవడం చూసి, "ఆ గీతొక్కటి సరిగ్గా వచ్చింది. సముద్రం చివర అలాగే ఉంటుంది, దారం పట్టి గీసినట్టు" అంది. ఆ మాటతో ఆయన చాలారోజులు భుజాలు దించకుండా తిరిగాడు. కానీ ఆవిడ ఇంకా బొమ్మ వైపు అలాగే చూస్తోంది, మనిషి మొహం గుర్తుపట్టలేక ఇబ్బందిపడే వాళ్లలాగ. చివరికి, "ఇది ఏ వైపు నాయనా?" అంది. పక్కవైపని చెప్పాను. "అదీ. నేనెప్పుడూ దాన్ని పక్కనుంచి చూడలేదు. ఒడ్డున నిలబడేవాళ్లకి ఓడ పక్క ఎందుకు కనిపిస్తుంది? వచ్చేప్పుడు మొహం, వెళ్లేప్పుడు వీపు. అంతే." కొంగుతో చేతులు తుడుచుకుని, "నాకు కనబడినట్టు వెయ్యండి బాబూ" అని వెళ్లిపోయింది.

ఉస్తాద్, నేను కూర్చుని ఆలోచించాం. మొహమా, వీపా? ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నాను నేను. పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి ఓడ వస్తున్నట్టు కాక ఇంకెలా వేస్తాం? ఎవరి వీపయినా పటం కట్టించుకునేవాళ్లను చూశామా? ఉస్తాద్ కూడా ఔననే అన్నాడు. టీ రంగు కోసం పక్క హోటల్లోంచి చాయ్ తెప్పించి, దాన్ని ఎదురుగా పెట్టుకుని రంగు కలిపాడు. (కుంచె ఒకసారి పొరపాటున చాయ్‌లో పడింది. ఆయన చాయ్ పారబోయలేదు.) నాకున్న నైపుణ్యమంతా ఆ బొమ్మలో పోశాను. ఓడ సూటిగా మనమీదికి వస్తున్నట్టు, తెరచాపలు మన వైపుకి ఉబ్బి, జెండాలు ఈసారి ముందుకు ఎగురుతూ. అక్కడితో ఆపితే బాగుండేది. ఆపితే నేనెందుకవుతాను? ఓడ ముందు కొసన తలపాగా చుట్టుకున్న ఒక మనిషిని నిలబెట్టి, చేయి పైకెత్తించాను. ఆ తలపాగా మనిషి అబద్ధమని నాకు తెలుసు. అలాంటి అబద్ధాలు ఎదుటివాళ్లను సంతోషపెడతాయని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఈసారి తమ్ముడు కూడా వచ్చాడు. బొమ్మ చూసి, "అద్భుతం మాస్టారూ, ఇక దర్భలు తెప్పించేస్తాను" అన్నాడు. ఓడమ్మ దగ్గరికి వచ్చింది, దూరం జరిగింది, మళ్లీ దగ్గరికి వచ్చింది. అప్పుడే ఆవిడ కళ్లలో నీళ్లు చూసి, గెలిచామనుకుని ఉస్తాద్ వైపు కన్ను గీటాను.

"బాగుంది నాయనా. కానీ ఇది వస్తోంది."

"ఔనమ్మా, వస్తున్నది."

"రాదు కదా" అంది.

సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. "వచ్చేది నాకెందుకు? నేను అడిగింది పంపడానికి. దర్భల మనిషిని పాడె మీద పంపిస్తారు, సరే. ఆయన్ని ఎప్పుడైనా పంపాలంటే ఓడ ఎక్కించే పంపాను నేను. తిప్పండి నాయనా. వెళ్తున్నట్టు తిప్పండి."

గుమాస్తా గొంతు సవరించుకుని, "అమావాస్య దగ్గరికొచ్చేసింది అక్కా. పోనీ, రేకు అటు తిప్పి పెడితే..." అన్నాడు. ఉస్తాద్ ఆయన వైపు ఒక్క చూపు చూశాడు. తర్వాత రేకు ఎత్తి, కొత్త బోర్డుకి కొట్టినట్టే దాని మీద అడ్డంగా తెల్లరంగు కొట్టాడు. ముందుగా తలపాగా మనిషి పోయాడు. "గీ ఓడ మళ్ల సురువు నుంచి చేద్దాం. అమ్మా, నువ్వే కూసోని చెప్పు. నీకు తెల్సినంత ఇంకెవ్వరికీ తెల్వదు" అంటూ రంగుడబ్బా ఒకటి బోర్లించి దానిమీద గోనెసంచి పరిచాడు.

అలా ఓడమ్మ మా కొట్టుకు రోజూ రావడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆఫీసుకు పోయాక నాంపల్లి నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆ డబ్బా మీద కూర్చునేది. వెనకనుంచి చూస్తే తెరచాపలు ఎలా ఉంటాయో (చీకటిగా, అవతలి వెలుగు కాస్త కాస్త తెలిసేట్టు), ఓడ వెనక నీళ్లు ఎలా చీలి మళ్లీ కలుస్తాయో చెప్పేది. ఓడ వెనక భాగాన్ని అమరం అంటారట. దానిమీద అడ్డంగా ఒక పెద్ద పలక, పలక మీద ఓడ పేరు తెల్లటి అక్షరాల్లో ఉంటుందని ఆవిడ చెప్పగానే ఉస్తాద్ చేతిలో కుంచె ఆగిపోయింది.

"పేరుంటదా? ఎన్క దిక్కు?"

"ఆఁ. అంత దూరానికి కూడా తెల్లగా కనబడుతుంది."

"అరే, గిది బోర్డే గదరా" అన్నాడు నా వైపు తిరిగి, తప్పిపోయిన చుట్టం ఊరుకాని ఊళ్లో ఎదురైనట్టు. ఇన్నాళ్లూ తనకు తెలియని సముద్రంలో కొట్టుకుంటున్న మనిషి ఒక్కసారిగా ఆబిడ్స్ ఒడ్డుకు చేరాడు. ఆవిడ ఓడ పేరు చెప్పింది, ఒక అమ్మవారి పేరు. ఉస్తాద్ దారం తీసి గీతలు కొట్టి, పైన ఉర్దూ, నడుమ తెలుగు, కింద ఇంగ్లీషు అని లెక్క వేసుకున్నాడు. "రంగూన్లో ఉర్దూ ఎవరు చదువుతారు నాయనా?" అంటే, "ఎవడన్న ఒక్కడుంటడమ్మా. తొవ్వ తప్పితే అడగనీకి పన్కొస్తది" అన్నాడు. ఆవిడ ఇంక వద్దనలేదు.

ఒకరోజు ఆయన చాయ్‌కి పోయినప్పుడు, నేను ఓడ వెనక నురుగు వేస్తున్నాను. "నువ్వు సముద్రం చూడలేదు కదూ" అంది, చాలా మామూలుగా.

"లేదమ్మా" అన్నాను, నా జీవితంలో మొదటిసారి అంత తొందరగా నిజం చెబుతూ.

"మొదటిరోజే తెలుసులే. తుఫాన్లో చుక్కాని ఒక్కడే పట్టుకోలేడు."

"మరి గప్పుడే ఎందుకు అనకపోతివి?"

"చూసినవాడైతే నాకు చెప్పడం మొదలుపెడతాడు. చూడనివాడైతే నేను చెప్పేది వింటాడు." కాసేపు నురుగు వైపు చూసింది. "అక్కడ కొంచెం తగ్గించు నాయనా. వెళ్లేప్పుడు అంత తొందర ఉండదు ఓడకి. కనబడీ కనబడనట్టు వెళ్తుంది."

అప్పుడే చెప్పింది ఆ సంగతి. ప్రతి పయనానికీ ఆవిడ ఒడ్డుకు పోయేది. లంగరెత్తాక సరంగు ఒక్క క్షణం పని వదిలి అమరం మీదికి వచ్చి ఒడ్డు వైపు చూసేవాడు, ఆవిడ చేయి ఊపేది. ఆ చివరిసారి పోలేదు. యుద్ధం, బాంబులు, వద్దంటే వద్దని గొడవపడింది. ఆయన వినలేదు. అలిగి, తలుపేసుకుని పడుకుంది. లంగరెత్తేటప్పుడు కలాసీలు కలిసి వేసే కేక ఇంట్లోకి వినబడింది. లేచి పరిగెత్తితే అందేదే. లేవలేదు. "మళ్లీ వస్తాడు కదా, వచ్చాక మాట్లాడకుండా ఉందాం అనుకున్నాను" అంది. అందుకే ఆ బొమ్మ. ఈసారైనా ఒడ్డున నిలబడాలని.

నాకు ఒక్కటే తోచింది. "అమరం మీద సరంగుని వెయ్యనా అమ్మా? ఇటు చూస్తున్నట్టు?"

"వద్దు" అంది వెంటనే. "ఆ రోజు చూశాడో లేదో నాకు తెలియదు కదా. తెలియంది ఎలా వేయించను?"

ఎంత పెద్ద అబద్ధమైనా అలవోకగా ఆడేవాణ్ని, ఆ ఒక్క చిన్న మనిషిని వేయలేకపోయాను. అమరం ఖాళీగానే ఉండిపోయింది.

అమావాస్య పొద్దున్న రేకుని నాంపల్లికి తరలించాం. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు కనుక గుడ్డ కప్పడానికి లేదు. సైకిల్ రిక్షా మీద నిలువుగా పెట్టి, ఒకవైపు ఉస్తాద్, ఒకవైపు నేను పట్టుకుని నడుస్తున్నాం. దుకాణాల ముందు నిలబడ్డవాళ్లు ఓడ పోతోందని చూపించుకుని నవ్వుకుంటున్నారు. "యాడికి పోతున్నది ఉస్తాద్, జహాజు?" అని ఒకడు. "నాంపల్లి బందరుకు" అని ఈయన, బందరంటే రేవు. స్టేషను దగ్గర ఖాళీజాగా వచ్చేసరికి ఎక్కడినుంచో గాలి లేచింది. రేకు గాలిని పట్టేసింది. రిక్షావాడు తొక్కడం మానేశాడు, రిక్షా మాత్రం ఆగలేదు. నేను రేకుని పట్టుకున్నానో, రేకు నన్ను పట్టుకుందో తెలియదు, కాళ్లు నేలకు ఆనీ ఆననట్టు స్టేషను గేటు వైపు కొట్టుకుపోతున్నాం. ఉస్తాద్ వెనకనుంచి "ఆపుండ్రి, జర ఆపుండ్రిరా" అంటూ పరుగు. జట్కాలు పక్కకు తప్పుకున్నాయి. చివరికి ఒక కానిస్టేబులు రెండు చేతులూ చాపి ఓడను ఆపాడు. ఆయన ఖాకీ చొక్కా మీద టీ రంగు సముద్రం ఒక జానెడు అంటుకుపోయింది. "లైట్ లేదు, గంట లేదు, గిదేం బండి?" అన్నాడు. విషయం చెప్పాం. ఆయన చొక్కా చూసుకున్నాడు, ఓడను చూశాడు, తనే ఒక చేయి వేసి ఆ వీధి మొదటిదాకా పట్టుకుని వచ్చాడు. నా రెండు అరచేతులూ రేకు అంచుకు కోసుకుపోయి మండుతుంటే, తెరచాప అంటే ఏమిటో, ఇన్ని రోజులుగా ఏం బొమ్మ వేస్తున్నానో అప్పుడు తెలిసింది.

గుమాస్తా ఇంటి వాకిట్లో చాప మీద దర్భల మనిషిని పడుకోబెట్టారు. ఇంత చిన్నగా ఉన్నాడు. మరిది ఊరినుంచి వచ్చి తడిబట్టలతో నిలబడ్డాడు. ఓడను వాకిలి గేటు పక్కన గోడకు చేర్చి, లోపలి గుమ్మంలోంచి సరిగ్గా కనిపించేట్టు నిలబెట్టాం. పురోహితుడు చేయాల్సినవి చేశాడు. ఇక మూసీ ఒడ్డుకు మోసుకుపోవడమే మిగిలింది. అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంది. ఓడమ్మ గుమ్మం మీదికి వచ్చి నిలబడింది. నుదుట బొట్టు ఎర్రగా ఉంది. దర్భల వైపు చూడలేదు, సూటిగా ఓడ వైపే చూసింది. తలుపుచెక్క పట్టుకున్న చేయి వదిలి మెల్లగా పైకెత్తి, పొద్దున్నే ఆఫీసుకు పోయే మొగుడికి ఏ ఇల్లాలైనా చెప్పినట్టే, "వెళ్లిరండి" అంది. వాళ్లు చాప ఎత్తారు. ఆవిడ ఆ చేయి దించలేదు. గేటు దాటారు, వీధి మలుపు తిరిగారు, అప్పటిదాకా అలాగే నిలబడింది.

ఇది ఇప్పటికి ఎందరికో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వినేవాళ్లు ఇక్కడ కళ్లు తుడుచుకుంటారు, నేను లేచి మంచినీళ్లు తాగుతాను. కానీ ఇవాళ చెప్పులు విడిచి ప్రమాణం చేశాను కనుక ఒప్పుకోక తప్పదు. మీరు అనుమానపడ్డవన్నీ నిజాలే. నేను కల్పించింది ఈ చివరి కాస్తే.

ఆ తలుపు తెరుచుకోలేదు.

చాలాసేపు చూశాం. మరిది చలికి వణుకుతున్నాడు. ఉస్తాద్ నా చెవిలో, "జర పోయి పిలువురా, నువ్వైతే వస్తది" అన్నాడు. వెళ్లి తలుపు మెల్లగా తట్టాను. "అమ్మా, ఓడ కదుల్తున్నది" అన్నాను. లోపల గాజుల చప్పుడు వినిపించింది. తలుపుకు అవతల, చాలా దగ్గర్నుంచి, "నావల్ల కాదు నాయనా. మీరు కానివ్వండి" అంది. అంతే. వాళ్లు చాప ఎత్తుకుని వెళ్లిపోయారు. వాకిట్లో మిగిలింది రేకు మీది ఓడా, మేమిద్దరమూ. ఎవరో ఒకరు ఊపాలి కదా అనుకున్నాడేమో, ఉస్తాద్ రంగు మరకల చేయి ఎత్తి ఆ ఓడ వైపు ఊపాడు. నేను కూడా ఊపాను. సముద్రం ఎలా ఉంటుందో తెలియని ఇద్దరు మనుషులు.

ఆ రోజు ఆ తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడికి తట్టడం మాత్రమే తెలుసు. ఇప్పుడు నడివయసు వచ్చింది, జుట్టు పలచబడింది, అబద్ధాల్లో చేయి బాగా తిరిగింది. చెప్పిన ప్రతిసారీ ఆవిణ్ణి గుమ్మం దాకా తీసుకురాగలుగుతున్నాను. మొదట్లో ఊరికే వచ్చి నిలబడేది. మాట కొన్నేళ్ల తర్వాత వచ్చింది, చేయెత్తడం ఈ మధ్యనే. ఇంకొన్నిసార్లు చెబితే నాకే నిజమనిపిస్తుందని నా ఆశ.